విదేశీ భాష ఏ వయసులో మొదలుపెట్టాలి? ముందు ఇంట్లో ఏ భాష ఉందో చూసుకోండి

మే నెల సగం దాటిందంటే మా సంఘం ఆఫీసుకు వచ్చే ఫోన్లలో సగానికి పైగా పిల్లల చదువుల గురించే. ఒకప్పుడు ఏ బడిలో తెలుగు ఉంది, తెలుగు టీచరు వచ్చారా, పుస్తకాలు అందాయా అని అడిగేవారు. ఇప్పుడు అడిగేది వేరు. "సార్, పాపకు నాలుగో ఏడు వచ్చింది. ఫ్రెంచి పెట్టించమంటారా, జర్మన్ పెట్టించమంటారా? ఇప్పుడు పెట్టకపోతే మళ్ళీ రాదంట కదా?" మా హోసూరు చుట్టూ ఫ్యాక్టరీలు, నలభై కిలోమీటర్లు పోతే బెంగళూరు. జర్మన్ నేర్చుకుని నర్సుగా వెళ్ళిన అమ్మాయి, జపాన్ కంపెనీలో చేరిన అబ్బాయి బంధువుల్లో ఎవరో ఒకరి ఇంట్లో ఉంటున్నారు. కాబట్టి తల్లిదండ్రుల ఆత్రం మాకు అర్థం కానిదేమీ కాదు.

ఆ ప్రశ్న వెనకాలే ఇంకో మాట కూడా ఈ మధ్య వస్తోంది. "ఇంట్లో అవ్వతో తెలుగు, వీధిలో తమిళం, కన్నడం, బడిలో ఇంగ్లీషు. దీనికి తోడు ఫ్రెంచి అంటే పిల్ల తికమక పడుతుందని క్లాసు వాళ్ళు చెప్పారు సార్. కొన్నాళ్ళు ఇంట్లో తెలుగు ఆపేద్దామనుకుంటున్నాం." ఈ రెండో మాట విన్నాకే ఈ వ్యాసం రాయడానికి కూర్చున్నాం.

మేము భాషా పండితులం కాము, గుమాస్తా ఉద్యోగం చేసి రిటైరైనవాళ్ళం. అయితే సంతకం పెట్టే ముందు పాత ఫైలు అంతా తిరగేయడం మాకు అలవాటు. ఈ విషయంలోనూ పరిశోధకులు ఏం చేశారో, ఏం తేల్చారో వెతికి చదివాం. చదివినకొద్దీ మాకు తెలిసింది ఏమిటంటే, "చిన్నప్పుడే మొదలుపెట్టాలి" అన్న మాట నిజమే గాని, ఆ మాటకు వెనక ఉన్న షరతులు మనకు ఎవరూ చెప్పడం లేదు.

చెవి సంగతి

మొదట నిజమైన భాగం చెప్పుకుందాం. 1984లో కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పసిపిల్లల మీద ఒక పరీక్ష ఫలితాలు ప్రకటించారు. ఇంగ్లీషు తప్ప వేరే భాష వినని ఇళ్ళలో పుట్టిన పిల్లలకు హిందీలోని ట, త శబ్దాలు వినిపించారు. ఇంగ్లీషులో ఆ రెండింటికీ తేడా లేదు. వాళ్ళ టీ మన ట కాదు, త కాదు, మధ్యలో ఎక్కడో ఉంటుంది. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లల్లో చాలామంది ఆ తేడాను పసిగట్టారు. పది పన్నెండు నెలలు వచ్చేసరికి ఎక్కువమందికి ఆ తేడా వినపడలేదు. చెవుడు కాదు. తన చుట్టూ ఉన్నవాళ్ళు వాడని తేడాను చెవి పక్కన పెట్టేసింది, అంతే.

మనకు పాట వేరు, పాత వేరు. కోట వేరు, కోత వేరు. ఈ తేడా మన పిల్ల చెవిలో ఏడాది నిండకముందే స్థిరపడుతోందన్నమాట. దానికి ఎవరూ ఫీజు కట్టలేదు. ఉయ్యాల ఊపుతూ అవ్వ మాట్లాడిన మాటలే దానికి సరిపోయాయి.

మా ఊళ్ళోనే దీనికి ఇంకో రుజువు ఉంది. అటు వైపు నుంచి పెళ్ళిళ్ళయి, ఉద్యోగాలొచ్చి పాతికేళ్ళు దాటాక ఇక్కడికి వచ్చినవాళ్ళు తమిళం ఎంత బాగా మాట్లాడినా, అరటిపండును తమిళంలో అనేటప్పుడు నాలుక మడతపెట్టే ఆ శబ్దం దగ్గర ళ అనేస్తారు. (తమిళుల్లోనే చాలామంది అలా అంటారన్నది వేరే సంగతి.) ఇక్కడే పుట్టి తమిళ పిల్లలతో గోలీలాడిన మన పిల్లలకు ఆ శబ్దం నీళ్ళ ప్రాయంగా వస్తుంది. పూర్వం తెలుగు శాసనాల్లో కూడా ఆ శబ్దానికి ఒక అక్షరం, ఴ, ఉండేది. మనం పోగొట్టుకున్నదాన్ని పిల్లలు వీధిలో ఉచితంగా తెచ్చుకుంటున్నారు.

ఇంతదాకా చదివి, అయితే ఫ్రెంచి వీడియోలు పెట్టేద్దాం అనుకోకండి. 2003లో అమెరికాలో పాట్రీషియా కూల్ అనే శాస్త్రవేత్త బృందం తొమ్మిది నెలల అమెరికన్ పిల్లలకు చైనా భాష వినిపించింది. కొందరి ముందు మనిషి కూర్చుని ఆటబొమ్మలు చూపుతూ, పుస్తకం చదువుతూ మాట్లాడారు. పన్నెండు సార్లు, సారికి ఇరవై అయిదు నిమిషాలు. మరికొందరికి అదే మనిషిని, అవే మాటలను టీవీలో చూపించారు. మనిషి ముందు కూర్చున్న పిల్లలు చైనా భాషలోని కొత్త శబ్దాల తేడా పట్టుకున్నారు. టీవీ చూసినవాళ్ళకు ఏమీ పట్టుబడలేదు. అసలు చైనా మాట వినని పిల్లలకూ వీళ్ళకూ తేడా లేదు. పసివాడి చేతికి సెల్‌ఫోన్ ఇచ్చి "వాడు స్పానిష్ పాటలు వింటున్నాడు" అని సంతోషపడే తల్లిదండ్రులు ఈ సంగతి ఒకసారి ఆలోచించాలి.

ఆ దేశంలో ఉంటే ఒకటి, వారానికి రెండు క్లాసులు అయితే ఒకటి

చిన్న వయసే మేలన్న మాటకు పునాది 1967లో ఎరిక్ లెనెబర్గ్ రాసిన పుస్తకం. రెండేళ్ళ నుంచి యుక్తవయసు వచ్చేదాకా భాష తనంతట తాను అబ్బుతుందని, ఆ తరువాత కష్టపడి నేర్చుకోవాల్సిందేనని ఆయన అన్నారు. 1989లో జాన్సన్, న్యూపోర్ట్ అనే ఇద్దరు అమెరికాకు వలస వచ్చిన చైనా, కొరియా వాళ్ళను 46 మందిని పరీక్షించారు. వాళ్ళు మూడేళ్ళ నుంచి ముప్పై తొమ్మిదేళ్ళ మధ్య ఆ దేశానికి చేరినవాళ్ళు. ఏడేళ్ళలోపు వచ్చినవాళ్ళ ఇంగ్లీషు వ్యాకరణం అక్కడ పుట్టినవాళ్ళతో సమానంగా ఉంది. ఆ తరువాత వచ్చిన వయసు పెరిగినకొద్దీ తగ్గింది. 2018లో హార్ట్‌షోర్న్, టెనెన్‌బామ్, పింకర్ అనే ముగ్గురు ఇంటర్నెట్ ద్వారా సుమారు 6,70,000 మందికి పరీక్ష పెట్టి, వ్యాకరణం పట్టుకునే శక్తి పదిహేడేళ్ళ దాకా బాగానే ఉంటుందని లెక్క తేల్చారు. అయితే పుట్టుకతో మాట్లాడేవాళ్ళతో సమానం కావాలంటే పదేళ్ళకు అటూ ఇటూగా మొదలుపెట్టి ఉండాలన్నారు. వాళ్ళ లెక్కలతో విభేదించినవాళ్ళూ ఉన్నారు. మన పనికి అంత లోతు అక్కర్లేదు.

మనకు కావలసింది ఇది: జాన్సన్, న్యూపోర్ట్ పరీక్షించినవాళ్ళు ఆ దేశంలో బతికినవాళ్ళు. పాలు కొనడానికి, ఆడుకోవడానికి, పోట్లాడుకోవడానికి అదే భాష. మన హోసూరు పిల్లకు తమిళం అలాంటిది. సోలాపూర్‌లోని మన నేత కుటుంబాల పిల్లలకు మరాఠీ, బరంపురం పిల్లలకు ఒడియా అలాంటివి. హోసూరు పిల్లకు ఫ్రెంచి అలాంటిది కాదు.

మరి క్లాసులో నేర్చుకునే భాష సంగతి ఏమిటి? దీనికి మాకు బాగా దగ్గరగా అనిపించినది స్పెయిన్‌లోని బార్సిలోనాలో కార్మెన్ ముఞోస్ బృందం చేసిన పని. అక్కడి పిల్లలకు ఇంట్లోనూ వీధిలోనూ కతలాన్, స్పానిష్ రెండూ ఉంటాయి. ఇంగ్లీషు బడిలో మూడో భాష. మన పిల్లల బతుకులాగే ఉంది కదా. కొందరు ఎనిమిదో ఏట ఇంగ్లీషు మొదలుపెట్టారు, కొందరు పదకొండో ఏట. ఇద్దరికీ సమానంగా 200 గంటలు, 416 గంటలు, 726 గంటలు పాఠాలు అయ్యాక పరీక్షలు పెట్టి పోల్చారు. చాలా పరీక్షల్లో పదకొండో ఏట మొదలుపెట్టినవాళ్ళే ముందున్నారు. అంతకుముందు 1978లో నెదర్లాండ్స్‌లో స్నో, హోఫ్‌నాగెల్-హోలె అనే ఇద్దరు, ఆ దేశానికి వచ్చిన ఇంగ్లీషు కుటుంబాలను గమనించినప్పుడు కూడా డచ్చి భాష అందరికంటే త్వరగా పట్టుకున్నది పన్నెండు నుంచి పదిహేనేళ్ళవాళ్ళు. మూడు నుంచి అయిదేళ్ళ పిల్లలు ఆ మొదటి నెలల్లో అందరికంటే వెనక ఉన్నారు.

కారణం పెద్ద రహస్యం కాదు. పదకొండేళ్ళ పిల్లకు చదవడం వచ్చు, రాయడం వచ్చు, కర్త కర్మ క్రియ తెలుసు, ఎలా గుర్తుపెట్టుకోవాలో తెలుసు. నాలుగేళ్ళ పిల్ల అలా నేర్చుకోదు. వానలో తడిసినట్టు భాషలో తడిసి నేర్చుకుంటుంది. తడవాలంటే వాన కురవాలి. వారానికి రెండు క్లాసులు చినుకులు మాత్రమే.

ఇక్కడ మా పాత గుమాస్తా లెక్క ఒకటి చెప్పనివ్వండి. ముప్పావుగంట క్లాసు వారానికి రెండు, ఏడాదికి నలభై వారాలు. మొత్తం 60 గంటలు. బార్సిలోనా పిల్లలకు చివరి పరీక్ష 726 గంటలకు. ఈ లెక్కన అక్కడికి చేరడానికి మన పిల్లకు పన్నెండేళ్ళు పడుతుంది. అదే పిల్ల ఇంట్లో రోజుకు అయిదు గంటలు అవ్వతో, అమ్మతో తెలుగులో గడిపితే ఆ 60 గంటలు పన్నెండు రోజుల్లో పూర్తవుతాయి. నాలుగో ఏట ఫీజు కట్టడం తప్పని మేము అనం. డబ్బు మీది. కాని దాని ఫలితం ఇంతే అని తెలిసి కట్టండి. పాటలు, నలభై యాభై మాటలు, ఒకటి నుంచి పది అంకెలు వస్తాయి. అది ముచ్చట, చదువు కాదు.

తికమక అన్న మాట

ఇక అసలు సంగతికి వద్దాం. ఎక్కువ భాషలు వింటే పిల్లలకు మాటలు ఆలస్యమవుతాయని, తికమక పడతారని చెప్పేవాళ్ళకు ఆధారం లేదు. రెండు భాషల మధ్య పెరిగే పిల్లకు ఒక్కో భాషలో మాటలు కొన్ని తక్కువ ఉండవచ్చు, రెండూ కలిపి లెక్కపెడితే ఒక భాష పిల్లకు తీసిపోదు. "అవ్వా, తణ్ణి కావాలి" అని తమిళం కలిపి అందంటే అది తికమక కాదు. ఆ క్షణానికి నోటికి దగ్గరగా ఉన్న మాట వాడుకుంది. మన పెద్దలు మాత్రం? మా సంఘం సమావేశంలో అయిదు నిమిషాలు కూర్చుంటే తెలుగు, తమిళం, కన్నడం, ఇంగ్లీషు నాలుగూ ఒకే వాక్యంలో వినపడతాయి. ఎవరూ మమ్మల్ని డాక్టరు దగ్గరికి తీసుకుపోలేదు.

అయితే ఒక జాగ్రత్త. రెండేళ్ళు నిండినా ఏ భాషలోనూ రెండు మాటలు కలిపి అనకపోయినా, పిలిస్తే పలకకపోయినా, దానికి భాషలను తప్పుపట్టి ఊరుకోకండి. ముందు చెవి పరీక్ష చేయించండి. మైసూరులో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఉంది, మన హోసూరు నుంచి రైలో బస్సో ఎక్కితే ఒక రోజులో వెళ్ళి రావచ్చు. "నాలుగు భాషలు వింటోంది, అందుకే మాట్లాడదులే" అని ఏడాది పోగొట్టుకోవడం పిల్లకు నష్టం.

తికమక పేరు చెప్పి ఇంట్లో తెలుగు ఆపితే ఏమవుతుంది? 2003లో ఫ్రాన్స్‌లో క్రిస్టోఫ్ పాలియే బృందం చేసిన పరిశోధన చదివి మాకు కాసేపు నోట మాట రాలేదు. కొరియాలో పుట్టి, మూడు నుంచి ఎనిమిదేళ్ళ మధ్య ఫ్రెంచి కుటుంబాలకు దత్తత వెళ్ళినవాళ్ళను పెద్దయ్యాక పిలిచి కొరియా వాక్యాలు వినిపించారు. వాళ్ళకు అది కొరియా భాష అని కూడా తెలియలేదు. ఎన్నడూ కొరియా మాట వినని ఫ్రెంచివాళ్ళలాగే ఉన్నారు. వాళ్ళలో కొందరు ఏడెనిమిదేళ్ళ దాకా ఆ భాషలో మాట్లాడి, ఏడ్చి, అమ్మను పిలిచినవాళ్ళు. చిన్న వయసులో త్వరగా వచ్చే భాష, వినడం ఆగిపోతే అంత త్వరగానూ పోతుందన్నమాట. "కొన్నాళ్ళు ఆపి తరువాత మళ్ళీ మొదలుపెడదాం" అన్న లెక్క పెద్దవాళ్ళ లెక్క. నాలుగేళ్ళ పిల్ల విషయంలో అది కుదరదు.

మాకు తెలిసిన ఒక ఇంట్లో ఇలాగే ఆపారు. ఇంగ్లీషు బాగా రావాలని ఇంట్లో అందరూ ఇంగ్లీషే మాట్లాడాలని నియమం పెట్టుకున్నారు. అవ్వకు ఇంగ్లీషు రాదు. ఆమె మనవరాలితో మాట్లాడడం తగ్గించి, చివరికి అన్నానికి రమ్మనడానికి చేత్తో సైగ చేసే స్థితికి వచ్చింది. ఇప్పుడు ఆ పిల్లకు పదమూడేళ్ళు. అవ్వ ఆసుపత్రిలో ఉన్నప్పుడు పక్కన కూర్చుంది గాని, ఆమెకు ఏం కావాలో అడగడానికి తండ్రి కోసం ఎదురు చూడాల్సి వచ్చింది. ఇంగ్లీషు మాత్రం తోటి పిల్లలకు వచ్చినంతే వచ్చింది.

ఆంధ్రలోనో తెలంగాణలోనో ఉన్న కుటుంబం ఇంట్లో తెలుగు తగ్గించినా, వీధి ఉంది, బస్సు బోర్డు ఉంది, బడి ఉంది. మనకు అవేవీ లేవు. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం తరువాత ఇక్కడ బడిలో తమిళం తప్పనిసరి. కర్ణాటకలో 2015 చట్టంతో కన్నడం తప్పనిసరి. మేము వాటిని తప్పుపట్టడం లేదు. ఈ గడ్డ మీద ఉన్నవాళ్ళకు ఈ గడ్డ భాష రావాలి, మన పిల్లలకు బాగానే వస్తోంది. మాతృభాషలో ప్రాథమిక విద్య గురించి రాజ్యాంగంలో 350ఎ అధికరణం 1956 నుంచీ ఉంది. దాన్ని పట్టుకుని మహజర్లు ఇస్తూనే ఉన్నాం, ఇస్తూనే ఉంటాం. అంతవరకు పిల్ల చెవిన తెలుగు పడే చోటు ఇల్లు ఒక్కటే.

మరి ఏ వయసులో ఏది? మమ్మల్ని అడిగినవాళ్ళకు చెప్పేది ఇది. అయిదారేళ్ళ దాకా ఇంట్లో తెలుగు ధారాళంగా మాట్లాడండి, వీధి భాషను ఆపకండి. ఇంగ్లీషు ఎలాగూ ఎల్‌కేజీ నుంచి వస్తుంది. మన పిల్లకు మొదటి విదేశీ భాష అదే అన్న సంగతి మనం మరిచిపోయాం. మూడో ఏటనే విదేశీ భాష మొదలయింది కదా! ఆరు నుంచి ఎనిమిదేళ్ళ మధ్య తెలుగు అక్షరాలు పెట్టండి. బడిలో తమిళ అక్షరాలు కుదురుకున్నాక ఒక ఏడాది తేడాతో మొదలుపెడితే మంచిదని మా ఆదివారం తరగతి అనుభవం. రెండు లిపులు ఒకే నెలలో మొదలుపెడితే పిల్లకంటే తల్లికే ఎక్కువ కష్టం. తమిళంలో క, గ ఒకే అక్షరంతో రాస్తారు, తెలుగులో క ఖ గ ఘ నాలుగూ వేరు. మొదటి మూడు నెలలు ఒత్తులు లేకుండా ఎగిరిపోతాయి, తరువాత సర్దుకుంటాయి. తెలుగు లిపి వచ్చిన పిల్లకు కన్నడ లిపి ఒక సెలవుల పని. బెంగళూరు బస్సుల బోర్డులు చదువుతూ నేర్చుకున్న పిల్లలు మాకు తెలుసు.

ఫ్రెంచి, జర్మన్, జపనీస్ వంటివి పది, పదకొండేళ్ళకు, అంటే ఆరో తరగతి ప్రాంతంలో మొదలుపెట్టినా ఏ నష్టమూ లేదు. 2020 జాతీయ విద్యా విధానం కూడా చిన్న తరగతుల్లో ఇంటి భాష అని, కొరియన్, జపనీస్, ఫ్రెంచి, జర్మన్ వంటి విదేశీ భాషలు సెకండరీ స్థాయిలో అని రాసింది. తమిళనాడు ఆ విధానాన్ని ఒప్పుకోలేదు కాబట్టి ఇక్కడ అది ఆదేశం కాదు, అభిప్రాయం. క్లాసులో చేర్చే ముందు రెండు విషయాలు అడగండి. టీచరు ఆ భాషలో పిల్లలతో మాట్లాడతారా, పుస్తకం చదివించి వదిలేస్తారా? మధ్యలో ఆపకుండా మూడు నాలుగేళ్ళు నడుస్తుందా? ప్లస్ వన్‌లో మార్కుల కోసం ఫ్రెంచి తీసుకునేవాళ్ళను చూస్తున్నాం. మార్కులు వస్తాయి. కాలేజీ మూడో ఏడు వచ్చేసరికి భాష పోతుంది, ఎందుకంటే పరీక్ష అయ్యాక ఎవరూ దాన్ని తాకలేదు.

ఉద్యోగానికే అయితే ఇంకా ఆలస్యంగానైనా ఫరవాలేదు. జర్మన్‌లో ఎ1 నుంచి సి2 దాకా, జపనీస్‌లో ఎన్5 నుంచి ఎన్1 దాకా మెట్లు ఉన్నాయి. విదేశాలకు వెళ్ళే నర్సులు, ఇంజనీర్లు చాలామంది ఇరవై దాటాకే ఆ మెట్లు ఎక్కుతున్నారు. యాస కొంచెం మనదే ఉంటుంది, ఉండనివ్వండి. మన తెలుగుకు నిఘంటువు కట్టిన బ్రౌన్ దొర 1817లో మద్రాసులో దిగేటప్పటికి పందొమ్మిదో ఏట ఉన్నాడు. తెలుగు ఆ తరువాతే. ఇప్పుడు ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి గారు ఉపాధ్యాయుడిగా ఉద్యోగం చేస్తూ, తెలుగు వచ్చిన సవర మనిషిని ఇంట్లో ఉంచుకుని సవర భాష నేర్చుకున్నారు. నిఘంటువు కూడా తయారు చేశారు. ఆయన పట్టుకున్నదీ మనిషినే. యానాంలో 1954 దాకా ఫ్రెంచి పాలన. అక్కడ బడిలో ఫ్రెంచి చదివిన పాతతరం వాళ్ళు ఇంటికి వచ్చి తెలుగే మాట్లాడారు. ఒకదాని కోసం ఇంకొకటి మానలేదు.

ఈ ఏడాది నుంచి మా తెలుగు తరగతి ఆదివారం ఉదయం కాక శనివారం సాయంత్రం అయిదింటికి పెట్టాం. ఆదివారం జర్మన్, అబాకస్, కరాటే అన్నిటితో గుద్దుకుంటోందని చాలామంది చెప్పారు. ఆరేళ్ళు నిండిన పిల్లలను చేర్చుకుంటాం, ఫీజు లేదు, పలక మేమే ఇస్తాం. అవ్వలు, తాతలు పిల్లలతోపాటు వచ్చి కూర్చోవచ్చు. చివరి పావుగంట కథ చెప్పే పని వాళ్ళదే.